కుళాయి నీటికి జవాబుదారీ ఎవరు?

మన పట్టణాల్లో చాలాచోట్ల మంచినీటి గొట్టం, మురుగు కాలువ పక్కపక్కనే నడుస్తాయి. కొన్నిచోట్ల గొట్టం కాలువలోంచే పోతుంది. రెండింటికీ మధ్య అడ్డు ఆ గొట్టపు గోడ ఒక్కటే. దానికి చిల్లు పడితే ఏమవుతుంది?

గొట్టంలో నీరు నిండుగా, ఒత్తిడితో పారుతున్నంతసేపూ మంచినీరే బయటికి కారుతుంది. మురుగు లోపలికి రాదు. కాని మన ఊళ్లలో నీరు రోజుకు గంటో రెండు గంటలో, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వదులుతారు. సరఫరా ఆగగానే లోపలి పీడనం పడిపోతుంది. అప్పుడు చుట్టూ నిలిచిన మురుగు చిల్లులోంచి లోపలికి చేరుతుంది. కుళాయిలకు మోటార్లు బిగించి నీరు లాగేచోట ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుకే శుద్ధి కేంద్రం దగ్గర స్వచ్ఛంగా ఉన్న నీరు కూడా ఇంటికి వచ్చేసరికి కలరా, టైఫాయిడ్, కామెర్లు మోసుకురావచ్చు.

ఎలా కనిపెడతారు?

శుద్ధి చేసిన నీటిలో కొంత క్లోరిన్ మిగిలి ఉండేలా కలుపుతారు. దీన్ని శేష క్లోరిన్ అంటారు. దారిలో మురుగు కలిస్తే అందులోని సేంద్రియ పదార్థాలు, అమ్మోనియా ఈ క్లోరిన్‌ను హరించేస్తాయి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం, క్లోరిన్ కలిపిన నీటిలో వినియోగదారుడి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల శేష క్లోరిన్ ఉండాలి. గాజు నాళికలో కొంచెం నీరు తీసుకుని డి.పి.డి. అనే రసాయనం వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇది నిమిషాల్లో అయ్యే పని. రంగు రానంత మాత్రాన మురుగు కలిసిందని రుజువు కాదు. ఆ నీటికి రక్షణ లేదని మాత్రం అర్థం.

రెండో పరీక్ష ఇ. కోలై బాక్టీరియా కోసం. ఇవి మనుషుల, జంతువుల పేగుల్లో నివసిస్తాయి కనుక నీటిలో కనిపించాయంటే మలం కలిసిందనే అనుకోవాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటీ ఉండరాదని ప్రమాణం. సాధారణ పద్ధతిలో ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా జనం ఆ నీటిని తాగేసి ఉంటారు.

పరీక్షించేది ఎవరు?

సాధారణంగా నీరిచ్చే సంస్థే పరీక్ష కూడా చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పంపుహౌసు వద్ద తీసిన నమూనా బాగానే ఉండవచ్చు; లోపం బయటపడేది వీధి చివరి కుళాయి వద్ద. నూటికి 95 నమూనాలు బాగున్నాయని ప్రకటిస్తే, మిగతా అయిదూ ఒకే వాడవి కావచ్చన్న సంగతి అందులో కనిపించదు.

తన పనికి తానే మార్కులు వేసుకునే ఈ పద్ధతి సంపన్న దేశాల్లోనూ బెడిసికొట్టింది. ఇంగ్లండులో సదరన్ వాటర్ సంస్థ మురుగు శుద్ధి కేంద్రాల్లో నమూనాలు తీసే ప్రక్రియనే తారుమారు చేసి, తప్పుడు లెక్కలు చూపిందని నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 2019లో తేల్చింది. జరిమానా, వినియోగదారులకు వాపసు కలిపి 12.6 కోట్ల పౌండ్ల భారం మోపింది.

పౌరుల చేతిలో ఏముంది?

మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు, దుర్గంధం భరించలేక పౌరులు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. కాలువలు కట్టాలన్న ఉత్తర్వును మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా సవాలు చేసింది. డబ్బు లేదని వాదించింది. నిధుల కొరత చూపి ప్రజారోగ్య బాధ్యతను తప్పించుకోవడానికి వీల్లేదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ 1980లో తీర్పు చెప్పారు. ఆనాడు ఆధారమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ స్థానంలో నేడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఉంది.

రెండో సాధనం 2005 నాటి సమాచార హక్కు చట్టం. దరఖాస్తుకు సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. కాగితాలే కాదు, పనులను తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనాలు పొందే హక్కు కూడా ఈ చట్టంలో ఉన్నాయి.

కనుక మునిసిపాలిటీని "నీళ్లు బాగున్నాయా?" అని అడిగి ప్రయోజనం లేదు. గత ఆరు నెలల్లో మా వార్డులో ఏ తేదీన, ఏ కుళాయి వద్ద, సరఫరా మొదలైన ఎంతసేపటికి నమూనా తీశారు? శేష క్లోరిన్ ఎంత? ఇ. కోలై కనిపించిందా? కనిపిస్తే ఎన్ని రోజుల్లో గొట్టం బాగుచేశారు, మళ్లీ ఎప్పుడు పరీక్షించారు? అని రాతపూర్వకంగా అడగాలి. చోటు, తేదీ ఉన్న అంకెకు జవాబు చెప్పవలసిన అధికారి ఒకరుంటారు. సగటు అంకెకు ఎవరూ ఉండరు.