రహదారి గట్లు - పల్లెవారి నిద్ర

రహదారిపై పోవువారి ప్రాణరక్షణ మెంత ముఖ్యమో, దాని ప్రక్కన కాపురముండువారి రాత్రి నిద్రయు నంత ముఖ్యము. ఈ రెంటికిని సహజముగా వైరము లేదు. అజాగ్రత్తయే వైరమును కల్పించుచున్నదని మా యభిప్రాయము.

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు 40వ నెంబరు జాతీయ రహదారి వెంబడి పల్లెలు పెక్కులు గలవు. వాహనముల వేగమును తగ్గించుటకై రోడ్డునకు అడ్డముగా వరుసగా వేయు సన్నని గట్లను రంబుల్ స్ట్రిప్పు లందురు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 1988 నాటి సూచనల ననుసరించి యివి 15 మొదలు 25 మిల్లీమీటర్ల యెత్తున, సుమారు మీటరు ఎడముతో నుండవలసి యుండెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు చక్రము సెకనునకు 16, 17 మారులు వీనిని తాకును. ఆ అదురు డ్రైవరును హెచ్చరించును. ఆ మ్రోత ఊరిని మేల్కొల్పును. ఖాళీ లారీ యైనచో తొట్టియు గొలుసులును గూడ మ్రోగును.

మన సీమలో ఈ బాధ మరింత హెచ్చు. వేసవిలో జనులు ఉక్కకు తాళలేక మిద్దెలమీదను వాకిళ్లలోను మంచములు వేసికొని పరుందురు. శబ్దమునకు అడ్డముగా మూయుటకు వారికి తలుపైన లేదు. నివాసస్థలములలో రాత్రివేళ శబ్దము 45 డెసిబెల్సును మించరాదని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి.

అట్లని గట్లను పెరికివేయుమని మేము కోరము. 2021 ఫిబ్రవరి 14వ తేదీ తెల్లవారుజామున వెల్దుర్తి మండలము మాదారపురము వద్ద ఒక టెంపో డివైడరును దాటి లారీని ఢీకొనగా 14 మంది మరణించిరి. డ్రైవరు కునుకుపాటే కారణమై యుండవచ్చునని నాడు అనుమానించిరి. అట్టి యాపదలకు రోడ్డు అంచు వెంబడి వేయు గట్లు తగిన మందు. అమెరికాలోని న్యూజెర్సీలో 1952లోనే వీనిని వేసిరి. బండి దారి తప్పిననే గాని యివి మ్రోగవు. వీనిని అలల రూపమున మలచినచో బండిలోని డ్రైవరునకు హెచ్చరిక తగ్గదు, వెలుపలి మ్రోత తగ్గును.

ఇక అడ్డుగట్ల సంగతి. బయలు ప్రదేశమున ఒక బండి మ్రోత, దూరము రెట్టింపైనకొలది సుమారు 6 డెసిబెల్సు తగ్గును. కాబట్టి వానిని ఇండ్ల యెదుట గాక, ఊరికి ముందు పొలములలోనే వేయవలెను. వేయుటకు పూర్వము గ్రామసభ నడుగవలెను. వేసిన పిమ్మట రాత్రివేళ శబ్దమును కొలువవలెను. గట్టు కావలెనని అర్జీ పెట్టు పెద్దలు అది యెచ్చట కావలెనో గూడ వ్రాయుట మంచిది. ఒక చోటు మార్చినంతమాత్రమున ప్రాణమును నిద్రయు రెండును దక్కును.