ఓటుకూ ఒక మాటు కావాలి

ప్రొద్దుటూరులోని మా మద్రసాలో పిల్లల తల్లిదండ్రుల సంఘానికి పెద్దను ఎన్నుకోవలసి వచ్చింది. ఈసారి ఫోనులోనే ఓటింగు జరుపుదామని మేము నిర్ణయించాము. జమ్మలమడుగు, పులివెందుల నుండి బస్సెక్కి రానక్కరలేదు. కువైట్‌లో ఉన్న తండ్రులూ పాల్గొనవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఇద్దరి పేర్లు పెట్టి, ఇషా నమాజు వరకు గడువిచ్చాము.

మగ్రిబ్‌కు ముందే మా పొరపాటు బయటపడింది. ఎవరు ఎవరికి ఓటు వేశారో అందులో పేర్లతో సహా అందరికీ కనిపిస్తున్నది. “నువ్వు కూడానా, భాయ్?” అని ఒక అభ్యర్థి తన బంధువుకు ఫోను చేశాడట. కొందరు వేసిన ఓటును మార్చుకున్నారు. మరునాడు పిల్లవాణ్ణి దింపడానికి వచ్చిన ఒక తల్లి తలుపు అవతలి నుండే అడిగింది: “మౌల్వీ సాబ్, మా ఇంట్లో ఫోను ఒక్కటే. అది ఆయన దగ్గరే ఉంటుంది. ఓటు ఇంటికి ఒకటా, మనిషికి ఒకటా?”

మేము సమాధానం చెప్పలేకపోయాము.

ఓటు ఒక సాక్ష్యం, ఒక సిఫారసు, ఒక వకాలతు అని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్) వివరించారు. ఒకరి సాక్ష్యాన్ని మరొకరు చెప్పజాలరు, భర్త అయినా సరే. తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయంగా సాక్ష్యమివ్వాలన్నది సూరా నిసా 135వ ఆయతులోని ఆదేశం. పోలింగ్ కేంద్రంలో అత్తాకోడళ్ళు ఒకే వరుసలో నిలబడతారు, కానీ ఆ అట్ట మాటుకు వెళ్ళేది ఒక్కొక్కరే. వరుస పొడవని విసుక్కునే మేము ఆ అట్ట విలువను ఎన్నడూ తలచలేదు.

2021 అక్టోబరు 20న తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోను ద్వారా నమూనా ఓటింగు జరిపింది. సీ-డాక్ రూపొందించిన ఆ యాప్ ఓటరు ముఖాన్ని గుర్తుపట్టేది. ఓట్ల భద్రతకు బ్లాక్‌చెయిన్ వాడారు. ముఖం ఎవరిదో యంత్రం చెప్పగలదు. ఆ ముఖం పక్కన ఎవరు నిలబడి ఉన్నారో చెప్పగలదా? 2005 నుండి ఇంటర్నెట్ ఓటు అమలులో ఉన్న ఎస్టోనియా దీనికొక విరుగుడు ఆలోచించింది. గడువులోగా ఎన్నిసార్లయినా మళ్ళీ వేయవచ్చు, చివరిదే లెక్క. కేంద్రానికి వెళ్ళి కాగితంపై వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దవుతుంది. ఇంట్లో అడగనిదే గడప దాటని కోడలికి అది ఎంత అక్కరకు వస్తుందో!

అలాగని మేము ఈ విధానానికి విరోధులము కాము. ప్రవాస భారతీయుడు తన పోలింగ్ కేంద్రానికి స్వయంగా వస్తేనే నేటికీ ఓటు. కువైట్‌లో కూలి చేసుకునేవాడు ఓటు కోసం విమానం టికెట్టు కొనగలడా? 2024 ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటివద్దే ఓటు వేసే వీలు కల్పించారు. అక్కడ సిబ్బంది ఎదుట ఉంటారు, రహస్యం కాపాడాలన్న నియమమూ ఉంటుంది. ఫోనుకు ఆ కాపలా లేదు.

మా ఎన్నికను మళ్ళీ జరిపాము. చీటీలు, మూతకు కంత చేసిన బిస్కెట్ల డబ్బా, తరగతి గది మూలన ఒక పరదా. తల్లికొక చీటీ, తండ్రికొక చీటీ. దూరం నుండి వచ్చినవారికి బస్సు ఖర్చు సంఘమే ఇచ్చింది. కువైట్‌లోని తండ్రులకు మాత్రం ఓటు లేకపోయింది. వారిలో ఒకరు ఫోను చేసి మమ్మల్ని గట్టిగానే నిలదీశారు. ఆయన కోపమూ న్యాయమైనదే.