పాత లెగో డబ్బా: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో, యూరప్‌లో పిల్లలు పెద్దవాళ్లయ్యాక అటకెక్కిన లెగో డబ్బాలు గ్యారేజ్ సేల్స్‌లో గంపగుత్తగా అమ్ముడవుతుంటాయి. వాటిని కొని, కడిగి, ఏ ముక్క ఏ సెట్‌దో వెతికి, పూర్తి సెట్లుగా మళ్లీ కట్టి అమ్మడం కొందరికి వ్యాపకం, కొందరికి వ్యాపారం. ఓపికతో చేస్తే ఎంతో తృప్తినిచ్చే పని ఇది. విన్న మాటల్ని నమ్మి దిగితే మాత్రం చేతులు కాలతాయి.

అపోహ: లెగో బంగారం లాంటిది, ఏ సెట్ కొన్నా ధర పెరుగుతుంది.

వాస్తవం: మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987–2015 మధ్య సెట్ల ధరలు పరిశీలించి, ఏడాదికి సగటున 11 శాతం రాబడి ఉందని తేల్చారు. ఈ ప్రచారానికి ఊపిరి పోసిన వాటిలో ఆ లెక్క ఒకటి. వాళ్లు చూసినవి సీలు విప్పని సెట్లు. వాటిలోనూ దారుణంగా నష్టపోయినవి ఉన్నాయి. డబ్బా అడుగున కలగాపులగంగా పడున్న ముక్కలకు ఆ లెక్క పనికిరాదు. పైగా కంపెనీ పాత సెట్‌ను మళ్లీ తెస్తే ధర ఒక్కసారిగా దిగుతుంది. 5,922 ముక్కల తాజ్‌మహల్ సెట్ 2008లో వచ్చింది. ఉత్పత్తి ఆపేశాక దాని ధర ఆకాశాన్నంటింది. 2017లో దాదాపు అదే సెట్ కొత్త నంబరుతో దుకాణాల్లోకి రాగానే పాతదానికి ఆ గిరాకీ పోయింది.

అపోహ: ముందుగా రంగుల వారీగా వేరు చేసుకోవాలి.

వాస్తవం: చూడ్డానికి బాగుంటుంది గానీ పని సాగదు. ఎర్ర ముక్కల గుట్టలో గోరంత ఎర్ర ముక్కను వెతకడానికి కూర్చుంటే కళ్లు లాగేస్తాయి. పలకలు ఒక ట్రేలో, వాలు ముక్కలు ఇంకో ట్రేలో, చక్రాలు, కీళ్లు వేరేగా ఇలా ఆకారాన్ని బట్టి విడదీస్తే, కావలసిన రంగు చప్పున కంటికి తగులుతుంది. మామూలు ఇటుకలు ఏ సెట్‌వో చెప్పలేం. అచ్చు వేసిన ముక్కలు, అరుదైన రంగులు, మనిషి బొమ్మలు సెట్ నంబరు పట్టిస్తాయి. 2000లో మొదలై 2019లో లెగో చేతికి వెళ్లిన బ్రిక్‌లింక్ సైట్‌లో ఏ ముక్క ఏ రంగులో ఏ సెట్లలో వచ్చిందో చూసుకోవచ్చు.

అపోహ: ఆకారం సరిపోతే చాలు, బూడిద రంగు ఏదైనా ఒకటే.

వాస్తవం: 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకకు అతుక్కుంటుంది, నిజమే. అయితే 2004 ప్రాంతంలో కంపెనీ బూడిద రంగుల్నీ గోధుమ రంగునూ మార్చేసింది. పాత బూడిదలో కాస్త పసుపు ఛాయ, కొత్తదానిలో నీలి ఛాయ. ట్యూబ్‌లైట్ కింద తేడా తెలియకపోవచ్చు. పగటి వెలుగులో కోట గోడను ఫొటో తీస్తే మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. ఇక నకిలీ ముక్కల్ని పట్టడానికి ఒక ఉపాయం: పైనున్న బుడిపెల మీద లెగో పేరు ఉందో లేదో భూతద్దంతో చూడాలి.

అపోహ: డిష్‌వాషర్‌లో వేసేస్తే సరి.

వాస్తవం: వేడికి ప్లాస్టిక్ వంగుతుంది. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. స్టిక్కర్లున్నవి విడిగా తుడవాలి, మోటార్లకూ బ్యాటరీ పెట్టెలకూ నీళ్లే తగలకూడదు. పసుపెక్కిన తెల్ల ముక్కలు హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తేటబడతాయి, కానీ ఆ పసుపు మళ్లీ రావచ్చు. అలా తెల్లబరిచిన సంగతి కొనేవారికి చెప్పి తీరాలి.

అపోహ: నూటికి తొంభై అయిదు ముక్కలుంటే ధరా అంతే వస్తుంది.

వాస్తవం: లేని ఆ అయిదూ ఏవన్నదే అసలు సంగతి. 2003 నాటి క్లౌడ్ సిటీ అనే సెట్‌లో బోబా ఫెట్ అనే పాత్ర బొమ్మకు చేతుల మీదా కాళ్ల మీదా అచ్చు ఉంటుంది. సెట్ ధరలో సింహభాగం ఆ ఒక్క బొమ్మదే. అది లేకుండా మిగతాదంతా ఉన్నా కొనేవారు పెదవి విరుస్తారు. సూచనల పుస్తకం పోతే అంత బెంగ అక్కర్లేదు. 1996 తర్వాతి సెట్లలో చాలావాటి సూచనలు కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

అందుకే సెట్‌ను నిజంగా కట్టి చూడకుండా "పూర్తి సెట్" అని రాయడం నా దృష్టిలో మోసమే. కడుతుంటేనే లోటు తెలుస్తుంది, కీలు దగ్గర సన్నటి పగులూ కనిపిస్తుంది. తగ్గిన ముక్కల జాబితా రాసుకుని, వీలైనంత వరకు ఒకే అమ్మకందారు దగ్గర కొనాలి. రూపాయి ముక్కల కోసం నలుగురికి నాలుగు పోస్టేజీలు కడితే లాభం అక్కడే కరిగిపోతుంది.