మలయ్ శాస్త్రవ్యాసములు - సమ్మతిసాధనములు

శాస్త్రవ్యాసమునకు విషయమును దెలుపుట యొక్కటియే పని కాదు; చదువరి సమ్మతిని బడయుటయుఁ బనియే. ఈ రెండవ పనికిఁ బ్రతిభాషయుఁ దన వ్యాకరణమునే పనిముట్టుగాఁ జేసికొనును. మలేషియాదేశమున 1956లో దేవాన్ బహాసా దాన్ పుస్తకా యను భాషాసంస్థయు, 1970లో మలయ్ బోధనభాషగా కెబాంగ్సాన్, అనఁగా జాతీయ, విశ్వవిద్యాలయమును నెలకొనుటచే నాభాషయందు శాస్త్రరచన విస్తరిల్లినది. అందలి సమ్మతిసాధనములలో మూఁడు ముఖ్యములు.

మొదటిది సర్వనామము. ఉత్తమపురుష బహువచనమున సంస్కృతమునకు 'వయమ్' ఒక్కటియే. మలయ్ భాషకు 'కమి', 'కిత' యని రెండు. వినువానిని విడిచినది 'కమి', కలుపుకొన్నది 'కిత'. తెలుఁగున 'మేము', 'మనము' అనునవి యిట్టివే కాన నీభేద మాంధ్రులకు సుగ్రాహ్యము. 'మేము చూచితిమి' యన్నచో నది గ్రంథకర్త సాక్ష్యము, చదువరి సంశయింపవచ్చును. 'మనము చూచితిమి' యన్నచోఁ జదువరియు సాక్షులలోఁ జేరిపోవును.

రెండవది కర్మణిప్రయోగము. ధాతువునకు ముందు 'ది' చేర్పఁగాఁ గర్మము ప్రధానమగును. కర్తను జెప్పవలసినచో 'ఓలెహ్' అనుపదముతోఁ జెప్పుదురు. చెప్పకున్నను వాక్యము చెడదు. 'దాపత్ దిసింపుల్కన్' అనఁగా 'నిర్ణయింపఁబడవచ్చును' అని యర్థము. ఇందలి 'సింపుల్' అనఁగా ముడి. ముడి కనఁబడును గాని వేసిన చేయి కనఁబడదు. 'నేను' అనుటకు మాఱుగా 'పెంగ్‌కాజి', అనఁగాఁ బరిశోధకుఁడు, అని వ్రాయుటయు నీ జాతిలోనిదే.

మూఁడవది నిశ్చయసంశయములను దెలుపు పదములు. 'జెలాస్' అనఁగా స్పష్టము. 'ముంగ్‌కిన్' అనఁగా బహుశః. హేతువును జెప్పు 'కెరన' సంస్కృత 'కారణ' శబ్దభవము. వాదమునకుఁ బేరైన 'హుజాహ్' అరబ్బీనుండి వచ్చినది. 'జెలాస్' అన్నచోట 'కెరన' వెంట రాకున్న నాస్పష్టత పదమునందే కాని విషయమునందు లేదు.

ఇవి స్వతః దోషములు కావు. ఆధారములు చూపిన పిమ్మట 'కిత' యనుట చదువరిని గౌరవించుట; చూపకమున్నే యనుట యతని సమ్మతిని దొంగిలించుట. పరీక్ష సులభము. 'కిత' స్థానమున 'కమి' నుంచి, లోపించిన కర్తను 'ఓలెహ్'తోఁ బూరించి చదువవలెను. అప్పుడును వాక్యము నిలిచినచో నది యుక్తి. కూలినచోఁ గేవలము మాటనేర్పు. 'మనము' అను పదమును, 'బడు' ధాతువును గల తెలుఁగువ్యాసములకును నీపరీక్షయే చాలును.