యుద్ధము న్యాయమా? జయమా? – ఒక యింటి యరుగుమీది వాదము

యుద్ధము స్త్రీలు పలుకదగిన మాట కాదనియు, అది సభలలోను పత్రికలలోను పురుషులు తేల్చుకొనవలసిన సంగతి యనియు మనలో ననేకులకు చిన్ననాటినుండి యలవడిన యభిప్రాయము. మేమును చాలకాలము అట్లే తలచితిమి. 2025 మే నెలలో సరిహద్దున నాలుగు దినములు పోరు జరిగినప్పుడు మా యింట నడచిన చిన్న సంగతి యొకటి మా తలంపును మార్చినది. దానిని మీకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వేసవి సెలవులగుటచే మా వారియొద్ద లెక్కలు చెప్పించుకొనుటకు ఒంగోలులో మా వీధి పిల్లలు కొందరు సాయంకాలము వచ్చుచుండిరి. ఆ రాత్రి ఒక పిల్లవాడు చేతి ఫోను చూపి, శత్రువుల రేవుపట్టణము కాలి బూడిదయైనదని కేకవేసెను. అందరు చప్పట్లు కొట్టిరి. మూలనున్న మరియొకడు మెల్లగా, “ఇది నిజమని యెట్లు తెలియును? మనవారెందరు పోయిరి?” అని యడిగెను. అంతే! తక్కినవారు వానిని ద్రోహి యనిరి, భుజముపట్టి నెట్టిరి. వాడు పలక పుస్తకములు విడిచి యేడ్చుచు ఇంటికి పోయెను. రేవు కాలలేదని మరునాడే తెలిసినది. కాని వానిని ద్రోహి యన్నవారిలో నొక్కడును వాని గడప త్రొక్కలేదు. మూడవనాడు వాని తల్లి మా పెరటికి వచ్చి, “అమ్మా, మా వాడు అడుగరాని మాట అడిగినాడా?” అని కన్నీరు పెట్టుకొనెను.

ఆమెకు వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆ రాత్రి మాకు మా అమ్మమ్మగారు జ్ఞప్తికి వచ్చిరి. 1942లో ఆమెకు పండ్రెండేండ్లు. అప్పుడు వారి యింటి యరుగుమీద నడచిన వాదమును ఆమె మాకు ఎన్నోమారులు చెప్పెడివారు.

అది రెండవ ప్రపంచయుద్ధకాలము. 1939 సెప్టెంబరు 3వ తేదీన ఇంగ్లండు జర్మనీతో యుద్ధమునకు దిగగా, ఆనాటి వైస్రాయి లిన్లిత్‌గో ప్రభువు మనదేశమును యుద్ధములో నున్నట్లే ప్రకటించెను. ప్రజలెన్నుకొన్న శాసనసభలను అడుగలేదు. అందులకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. చెన్నరాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఆ అక్టోబరు చివరనే తప్పుకొనెను. అందు రెవెన్యూ మంత్రిగా నున్నవారు మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు. వారు 1872లో మన యొంగోలు చెంతనున్న వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి గతించిన పిమ్మట వారి తల్లి సుబ్బమ్మగారు ఈ యొంగోలులోనే పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పెంచినది. ఒక తల్లి యన్నము వండి నిలిపిన యింటినుండి వచ్చినవారి పేరు 1972లో మన జిల్లాకు పెట్టబడినది. గిన్నెలు తోము చేతులకును రాజ్యవిషయములకును సంబంధము లేదనువారు ఈ యొక్క సంగతి తలచుకొందురు గాక!

యుద్ధము న్యాయమా కాదా యను ప్రశ్నకు ఆనాడు పెద్దలెల్లరు ఒకే మాట చెప్పలేదు. హిట్లరు దౌష్ట్యమును కాంగ్రెసువారు ఖండించుచునే యుండిరి. స్వతంత్రప్రభుత్వ మిచ్చినచో యుద్ధమున తోడ్పడెదమని 1940 జులైలో పూనా సమావేశమున తీర్మానించిరి. గాంధీగారు అహింసావ్రతులగుటచే అందులకు సమ్మతింపరైరి. ఆ మహాత్ముడే 1918లో గుజరాతున ఖేడాజిల్లా గ్రామములు తిరిగి ఇంగ్లీషువారి సైన్యమునకు మనుష్యులను చేర్ప యత్నించియుండెను! ఇరువదిరెండేండ్లలో ఆయన యాలోచన అంతదూరము నడచినది. ప్రభుత్వము కాంగ్రెసు కోరిక నంగీకరింపలేదు. 1940 అక్టోబరు 17వ తేదీన వినోబా భావేగారితో వ్యక్తిసత్యాగ్రహము మొదలైనది. ఒక్కొక్కరు నిలిచి, ఈ యుద్ధమునకు ధనముగాని జనముగాని ఇచ్చుట తప్పని పలికి చెరకు పోవుటయే దాని విధానము.

అమ్మమ్మగారి పెద్దన్న అట్లు పలికి కొన్ని నెలలు చెరలో నుండి వచ్చెను. రెండవయన్న అంతకు ముందే సైన్యమున గుమాస్తాగా చేరెను. ఆయనకు తెల్లవారిమీద భక్తి లేదు. తండ్రి పోయిన యింట నెలకొకమారు రూపాయలు వచ్చుట యొక్కటే యాశ. ప్రయాణమునాడు పెద్దన్న అరుగుమీదనుండి లేవలేదట. “కూలికి ప్రాణ మమ్ముకొనువాని కేమి దీవెన?” అని మొగము త్రిప్పుకొనెనట. తమ్ముడు వీధిలోనుండియే నమస్కరించి బండియెక్కెను. మా తాతమ్మ ఒకచేత మూట పట్టుకొని, రెండవచేత పెద్దకొడుకు గడ్డము పట్టి బ్రతిమాలెను గాని ఫలింపలేదు.

ఆ యరుగుమీద మూడవ గొంతుకయు నుండెను. అమ్మమ్మగారి మేనత్తకొడుకు ఎఱ్ఱజెండావాడు. మన సముద్రతీరమున కొత్తపట్నములో 1937లో జరిగిన రాజకీయ వేసవి పాఠశాలను ప్రభుత్వము నిషేధించినది. ఆ కాలమున ఆ త్రోవ పట్టిన పడుచువారిలో నతడొకడు. మొదట ఆ పక్షమువారు ఇది రాజ్యకాంక్షగలవారి పోరని ఎదిరించిరి. 1941 జూన్ 22వ తేదీన హిట్లరు సోవియటు రష్యాపై బడగా, ఆ సంవత్సరాంతమునకు వారే దీనిని ప్రజాయుద్ధ మనిరి. 1942 జులైలో వారి పక్షముపైనున్న నిషేధము తొలగినది. “నిన్న తప్పన్నది నేడు ఒప్పెట్లాయెను?” అని పెద్దన్న యడుగగా, “నిన్నటి దొంగకంటె నేటి రాక్షసుడు పెద్దవాడు గనుక” అని బావ బదులు చెప్పెడివాడట. పంక్తిలో నొకరి ప్రక్క నొకరు కూర్చుండుట మానిరి. తాతమ్మ మాత్రము వడ్డనలో భేద మెరుగదు.

ఇక యుద్ధము బాగుగా నడచుచున్నదా యనుట రెండవ ప్రశ్న. అప్పుడు మన పల్లెలలో రేడియో యరుదు. చెన్నపట్టణపు రేడియో కేంద్రము 1938లోనే వెలసినది. ధనవంతుల యిండ్లలో దానిని వినెడివారు. కొందరు 1942నుండి బెర్లిను నగరపు ఆజాద్ హింద్ రేడియోను చాటుగా వినెడివారు. పత్రికలకు ప్రభుత్వపు కట్టుబాట్లుండెను. సింగపూరు అభేద్యమైన కోట యని చెప్పుచునే యుండిరి. 1942 ఫిబ్రవరి 15వ తేదీన ఆ కోట జపానువారి వశమైనది. చెరబడిన మన భారతీయ సైనికులే సుమారు 40 వేలమంది. వారిలో మా చిన్నతాతయు నుండెనేమో! అటుపిమ్మట ఆయన యుత్తరము రాలేదు.

మార్చి 8వ తేదీన రంగూను పడిపోయెను. కూలికిని వ్యాపారమునకును బర్మాకు పోయిన తెలుగువారు వేలకొలదిగా అడవిదారుల నడచి తిరిగివచ్చిరి. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపాను విమానములు బాంబులు వేసెను. ఆ నెలలోనే చెన్నపట్టణము సగము ఖాళీయైనది. కొన్ని కార్యాలయములు లోపలి యూళ్లకు తరలెను. ఒంగోలు స్టేషనులో ఆగిన చెన్నపట్టణపు రైళ్లలో పెట్టెలు, పరుపులు, పంజరములలో చిలుకలు సైత ముండినవని అమ్మమ్మగారు చెప్పెడివారు. సముద్రము మనకు పదిమైళ్లేకదా! పత్రిక యేమి వ్రాసినను, ఆ రైళ్లు చూచిన యాడవారికి యుద్ధ మెట్లు నడచుచున్నదో తెలిసిపోయినది.

వంటయిల్లును ఒక పత్రికయే. బర్మాబియ్యము నిలిచిపోయినది. కిరసనాయిలు దొరకక దీపము వత్తి తగ్గినది. నూలు కరవై మగ్గములు నిలిచినవి. వరియన్నము తిను నిండ్లలోను జొన్నయు, సజ్జయు, ఆరికయు వచ్చినవి. మన పైరులకును ఇక్కట్లు తప్పలేదు. జపాను బేరము పోవుటతో పొట్టిపింజ ప్రత్తికి గిరాకి పడిపోయెను. వంగదేశమున 1943లో వచ్చిన క్షామమున ముప్పదిలక్షల వరకు జనులు మడసిరని చరిత్రకారుల లెక్క. ఆ లెక్క యే జయవార్తలోను చేరలేదు.

ఇంతలో క్విట్ ఇండియా వచ్చినది. 1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో తీర్మానము, మరునాడు నాయకుల నిర్బంధము. 12వ తేదీన తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు నేలకొరిగిరి. వారి జ్ఞాపకార్థము వెలసిన రణరంగచౌకు నేటికిని ఆ యూర నున్నది. ప్రకాశం పంతులుగారు మూడేండ్లు చెరలో నుండిరి. రాజాజీ మాత్రము జపాను వాకిట నిలిచియుండగా రాజ్యభారము వహించి దేశమును కాపాడుకొనవలెనని వాదించి, ఆ జులైలోనే కాంగ్రెసును వీడిరి. మా పెద్దతాత రెండవమారు చెరకు పోయెను. బావ బుర్రకథదళముల వెంట తిరిగి, ఫాసిజమును నిరోధింపుడని యూరూర చాటెను. 1943లో సింగపూరున సుభాసుబాబు నాయకత్వమున స్త్రీలే తుపాకి పట్టిన ఝాన్సీరాణి దళ మేర్పడినది. ఒక్క యింటి మువ్వురు మూడుదారులు పట్టినట్లే దేశము నాలుగుదారులు పట్టినది. వీరిలో దేశద్రోహి యెవరు? మా కొక్కడును కానరాడు.

యుద్ధము ముగిసినది. పెద్దతాత విడుదలై వచ్చి అరుగుమీద కూర్చుండెను. 1946లో ప్రభుత్వమునుండి ఒక కాగితము వచ్చినది. తమ్ముడు కానరాలేదనియు, మరణించినట్లు భావింపవలసినదనియు దాని సారాంశము. దానిని తల్లికి చదివి వినిపింపవలసినవాడు ఆ పెద్దన్నయే. చదివెను. అటుతరువాత తాను బ్రతికియున్నంతకాలము ప్రయాణమైపోవు నెవ్వరికైనను లేచి వీధిచివరవరకు సాగనంపుట ఆయనకు వ్రతమైనది. యుద్ధము తప్పన్న మాటను మాత్రము ఎన్నడు విడువలేదు. “మాట తప్పు కాదమ్మా! మొగము త్రిప్పుకొనుటయే తప్పు” అని చెల్లెలితో ననెడివాడట.

చిన్నప్పుడు మాకు భారతము చెప్పిన తాతగారు ఉద్యోగపర్వమును నెలలతరబడి సాగించెడివారు. అది యంతయు వాదమే. రాయబారములు, హితవులు, సందేహములు. విదురుడు కాదనెను. బలరాముడు ఏ పక్షమునను చేరక తీర్థయాత్రకు పోయెను. గాంధారిని సభకు పిలిపింపగా ఆమె కన్నకొడుకునే తప్పుబట్టెను. కురుసభ చెడ్డదియైనను రాణి మాటకు అచ్చట చోటుండెను. యుద్ధము మొదలైన పిమ్మట సంజయుడు గుడ్డిరాజునకు మొదట చెప్పిన వార్త తనవారి జయముకాదు, భీష్ముడు కూలెననుట. చేదువార్తను ముందు చెప్పి, అదెట్లు జరిగెనో తరువాత వివరించెను. వార్త చెప్పువారికి అంతకంటె మంచి నియమము మాకు కానరాదు.

నేడు వెనుకకు చూచినచో ఆ యరుగుమీది మువ్వురిలోను కొంత సత్యమున్నది. హిట్లరు నెదిరింపవలె నన్నవాడు తప్పు చెప్పలేదు. యుద్ధము ముగియవచ్చు కాలమున బయటపడిన యూదుల చెరశాలలు ఆ సంగతి లోకమునకు చాటినవి. బానిసదేశమును అడుగకయే పోరులోనికి లాగరాదన్నవాడును తప్పు చెప్పలేదు. తల్లికి నాలుగు మెతుకులకై పోయినవానిని తప్పుబట్టుటకు మన కెవరికి నధికారము? చిక్కంతయు నాలుగు ప్రశ్నల నొక్కటిగా ముడివేయుటలో నున్నది. పోరు న్యాయమా? దానిని నిశ్చయించుటకు అధికార మెవరిది? అది బాగుగా నడచుచున్నదా? దాని వెల యెవరు చెల్లించుచున్నారు? న్యాయమైన పోరు చెడుగా నడువవచ్చును. బాగుగా నడచుపోరు అన్యాయమైనది కావచ్చును. మొదటిదానికి అవునన్నవాడు మూడవదానిని అడిగినంతమాత్రమున ద్రోహి కాడు. సైనికుని తల్లియే మూడవదానిని అందరికంటె ముందు అడుగును.

అయితే వంటయింటి లెక్కయే సమస్తమని మేము చెప్పము. బియ్యము ధర వెల తెలుపునుగాని న్యాయము తెలుపదు. న్యాయమెరుగుటకు చదువవలెను, ఎదిరిమాట వినవలెను. తొందరపడి వచ్చిన వార్తను ఒక రాత్రి నిలువయుంచి మరునాడు నమ్ముట మేలు. పాలు కాగినవా లేదా యని వ్రేలు పెట్టక పొంగువరకు వేచియుండు మనకు ఆ యోపిక క్రొత్తది కాదు.

ఆ పిల్లవాని తల్లికి మేము నాలుగవనాడు బదులు చెప్పితిమి. ఆమె యింటికి పోయి, “మీ వాడు అడుగవలసిన మాటయే యడిగినాడమ్మా” అంటిమి. మా వారు తక్కిన పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిరి. ద్రోహి యన్నవాడు తల వంచుకొని ఆ పలక పుస్తకములు వాని చేతికిచ్చెను. తప్పైనదని నోటితో ననలేదు. పిల్లలకు అది యంత సులువు కాదు, పెద్దలకును కాదు. అందరికిని మరమరాలు, బెల్లము పెట్టితిమి. వారు ఒక్కవరుసను కూర్చుండి తినిరి.

సోదరీమణులారా! మీ యరుగుమీదను ఇట్టి వాదము ఎప్పుడైన రావచ్చును. వచ్చినప్పుడు వాదమును ఆపకుడు. పంక్తిని మాత్రము చెడనీయకుడు.