నడుముకు రివాల్వర్, ముందు పోలీసు చెకింగ్: అపోహలు – వాస్తవాలు

కదిరి వైపు నుంచి వచ్చే 42వ జాతీయ రహదారి అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. కర్ణాటక కూడా కూతవేటు దూరమే. ఈ దారిలో పోలీసులు బండి ఆపి చూడటం వింతేమీ కాదు. ఆ బండిలో లైసెన్సు తుపాకి ఉన్న పెద్దమనిషి ఉన్నాడనుకోండి. ఆయనకు తెలిసిన రూల్సులో సగం సినిమాలు నేర్పినవి, మిగతా సగం రచ్చబండ నేర్పినవి.

అపోహ: తుపాకి పైకి కనిపించాలి, దాచుకుంటే నేరం.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. 2016 ఆయుధ నియమాల్లో 32వ నియమం ప్రకారం, నలుగురు తిరిగే చోట రివాల్వర్‌ను ఒంటికి తగిలించుకున్న హోల్‌స్టర్‌లో గానీ, సంచిలో గానీ పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, తెచ్చినవాడి అదుపులో ఉండాలి. చొక్కా పైకి లాగి చూపించే దర్జాకు ఇందులో చోటు లేదు. తుపాకిని కారులో వదిలేసి టీ తాగడానికి దిగిపోతే ‘అదుపు’ అన్న మాట కూడా పోయినట్టే.

అపోహ: ఎస్సై స్థాయి వాళ్లు అడిగితేనే లైసెన్సు చూపాలి.

వాస్తవం: 1959 ఆయుధాల చట్టం 19వ సెక్షన్ హోదా చూడదు. ఏ పోలీసు అధికారి అడిగినా చూపాల్సిందే. చూపకపోతే పేరు, చిరునామా అడిగి, అవసరమనుకుంటే ఆయుధం స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పనన్నా, తప్పుడు పేరు చెప్పారని అనుమానం వచ్చినా వారంట్ లేకుండానే అరెస్టు చేయవచ్చు. ‘ఇంట్లో ఉంది సార్, మావాడితో పంపిస్తా’ అన్నది ఇక్కడ చెల్లే జవాబు కాదు.

అపోహ: ఆపగానే తుపాకి బయటికి తీసి అప్పగిస్తే మన నిజాయితీ తెలుస్తుంది.

వాస్తవం: అన్నిట్లోకీ ప్రమాదకరమైనది ఇదే. చీకట్లో టార్చి పట్టుకున్న కానిస్టేబుల్‌కు మీ నిజాయితీ కనిపించదు, నడుము దగ్గరికి పోతున్న చెయ్యి కనిపిస్తుంది. అమెరికాలో 2016 జూలై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టిల్ అనే లైసెన్సుదారుడి కారును ఆపారు. తన దగ్గర తుపాకి ఉందని ఆయనే మర్యాదగా చెప్పాడు. క్షణాల్లో పోలీసు అధికారి కాల్చేశాడు. 2017లో జ్యూరీ ఆ అధికారిని నిర్దోషి అంది. ఆ తీర్పు నాకు మింగుడు పడదు. అయినా తుపాకి మాట చెవిన పడ్డాక ఎదుటివాడి కళ్లు చేతుల మీదే ఉంటాయన్నది మాత్రం అంగళ్లులోనూ అంతే నిజం.

కాబట్టి బండి పక్కకు తీసి ఇంజన్ ఆపండి. రాత్రయితే లోపలి లైటు వెయ్యండి. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి, ‘సార్, నా దగ్గర లైసెన్సు రివాల్వర్ ఉంది, కుడి నడుముకు ఉంది. లైసెన్సు పై జేబులో ఉంది, తీయమంటారా?’ అనండి. తీయమన్నాకే తీయండి. తుపాకిని మాత్రం వాళ్లు ఎలా చెబితే అలాగే. పక్కన కూర్చున్న బావమరిది ‘మేమెవరో తెలుసా’ అని మొదలుపెట్టకుండా చూసుకోవడం కూడా మీ పనే.

లైసెన్సు ఉంటే ఎక్కడికైనా పోవచ్చన్నది ఇంకో భ్రమ. ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకు, ఊరేగింపుకు, బహిరంగ సభకు, విద్యాసంస్థ ఆవరణలోకి తుపాకి తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. అంటే పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకూ వద్దు, అంగళ్లు కాలేజీలో పిల్లను దింపడానికి గేటు దాటేటప్పుడూ వద్దు.

అడవి పందుల కోసం ఉంచుకునే నాటు తుపాకికి లైసెన్సు అక్కర్లేదనుకునే రైతులూ ఉన్నారు. పంట కాపలాకైనా లైసెన్సు తప్పదు.

చివరిగా, మీ లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, కుప్పం దాటి కృష్ణగిరి పోయే రోజున తుపాకిని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి బయల్దేరండి.