బేస్ గిటారు శ్రుతి ఎందుకు తప్పుతుంది?

ఖరగ్‌పూర్ స్టేషనులో రైలు కోసం నిలుచున్నప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. ఇంజనుకు 25,000 వోల్టుల విద్యుత్తు అందించే తీగ పట్టాల వెంట బిగుతుగా సాగిపోతూ కనిపిస్తుంది. ఇక్కడి పొడవాటి ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు. అంత పొడవున్న రాగి తీగ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే సుమారు 18 సెంటీమీటర్లు వ్యాకోచిస్తుంది. అయినా రైలు తీగ వేలాడిపోదు. అక్కడక్కడ స్తంభాల పక్కన కప్పీల మీదుగా బరువులు వేలాడదీసి ఉంటారు. తీగ సాగితే అవి కిందికి దిగుతాయి, కుదించుకుంటే పైకి లేస్తాయి. తీగలోని తన్యత మాత్రం మారదు.

రైల్వే ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ ఊళ్ళో మీరు బేస్ గిటారు వాయిస్తున్నారనుకోండి. మీ గిటారు తీగకు అలాంటి బరువులు లేవు. కొంచెం వేడెక్కితే చాలు, తన్యత తగ్గి శ్రుతి దిగుతుంది.

ఎంత దిగుతుంది? ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో ప్రకటించిన సూత్రాల ప్రకారం తీగ పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలోను, పొడవుకు, రేఖీయ సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అంటే తన్యత 1 శాతం తగ్గితే పౌనఃపున్యం అర శాతం తగ్గుతుంది. 55 హెర్ట్‌జ్ పలకవలసిన తీగ 54.7 పలుకుతుంది. స్వల్పమే అనిపించినా, దాని నాలుగో అనుస్వరం 220కి బదులు 218.9 అవుతుంది. పక్కన సరైన శ్రుతిలో మరో వాయిద్యం మోగితే సెకనుకు సుమారు ఒక విస్పందనం వినిపిస్తుంది.

శ్రుతి తప్పగానే చాలామంది తీగ పాతబడిందని కొత్త సెట్టు కొంటారు. బేస్ తీగల సెట్టు ఖరీదైనది. కాబట్టి కొనే ముందు రెండు జబ్బులను విడివిడిగా గుర్తించాలి.

మొదటిది తీగ వార్ధక్యం. బేస్ గిటారులో అతి మంద్రమైన తీగ 41.2 హెర్ట్‌జ్ పలకాలి. దాని పొడవు సాధారణంగా 86 సెంటీమీటర్లే. అంత తక్కువ పౌనఃపున్యానికి తీగ బరువుగా ఉండాలి, బిరుసెక్కకూడదు. అందుకే సన్నని స్టీలు తీగ చుట్టూ మరో తీగను చుడతారు. ఈ చుట్ల సందుల్లో చెమట, నూనె, మురికి చేరతాయి. లోహం తుప్పు పడుతుంది, మెట్లు తగిలినచోట నొక్కుకుపోతుంది. పై అనుస్వరాలు త్వరగా అణగారి నాదం మొద్దుబారుతుంది. రేఖీయ సాంద్రత అన్నిచోట్లా ఒకేలా ఉండదు కనుక తెరిచి మీటినప్పుడు శ్రుతి సరిగ్గా ఉన్నా, పై మెట్ల దగ్గర తప్పుతుంది.

రెండోది శ్రుతి నిలవకపోవడం. దీనికి తరచు తీగ వయసుతో సంబంధం ఉండదు. కొత్త తీగ చుట్లు బిరడా మీద సర్దుకోకపోవచ్చు. మెడ చివర తీగ ఆనే గాడిలో ఘర్షణ వల్ల అది ఇరుక్కుని, గట్టిగా మీటగానే జారవచ్చు. వానాకాలపు తేమకు మెడ కర్ర ఉబ్బి వంపు మారవచ్చు.

పరీక్ష సులభం. పన్నెండో మెట్టుకు సరిగ్గా పైన తీగను వేలితో తేలికగా తాకి మీటండి. తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. కొత్తగా ఉన్నప్పుడు కలిసిన స్వరాలు ఇప్పుడు కలవకపోతే, నాదం కూడా మొద్దుబారితే, తీగ ముసలిదైనట్టే. స్వరాలు కలిసి, నాదం బాగుండి, గంటగంటకూ శ్రుతి దిగుతుంటే దోషం వేరేచోట వెతకండి. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దితే గ్రాఫైటు ఘర్షణను తగ్గిస్తుంది. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింది స్వరం నుంచి పైకి బిగిస్తూ రండి. బిరడా పళ్ళ మధ్య వదులు మిగలదు.

కొందరు పాత తీగలను నీళ్ళలో మరిగిస్తారు. మురికి వదిలి కొన్నాళ్ళు నాదం మెరుగవుతుంది కాని తుప్పు, నొక్కులు పోవు. వాయించాక ప్రతిసారీ పొడి గుడ్డతో తీగలు తుడవడం అంతకంటే మేలు. దానికి ఖర్చూ లేదు.